మట్టంటని తుపాకి

పోతురెడ్డి ఒంటిచేత్తో చెట్టెక్కడం నేర్చుకున్నాడు.

ఎవరికీ చెప్పకుండా నేర్చుకున్నాడు. పొద్దున్నే వాగు అవతలికి పోయి, ఎడమచేతిలో రోకలంత కర్ర పట్టుకుని, కుడిచేత్తో మానును వాటేసుకుని, కాళ్ళతో నెట్టుకుంటూ పైకి పోయేవాడు. మోకాళ్ళ మీద చర్మం లేచిపోయింది. ఛాతీ అంతా గీరుకుపోయింది. వానాకాలం వచ్చేసరికి తడిసిన మానును కూడా అలాగే ఎక్కగలిగాడు. అప్పుడు వెళ్ళి మేనమామను పిలుచుకొచ్చాడు.

మేనమామ చిన్నంరెడ్డి ఆ కొండ ఊరికి వేట గురువు. జీలుగుమెట్టలో తుపాకి పట్టిన ప్రతివాడూ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అడుగుజాడ చూపించి ఊరుకుంటాడు, అది దేనిదో శిష్యుడే తేల్చుకోవాలి. తప్పు చెబితే తిట్టడు. ఆ తప్పు వెంటే నడవనిస్తాడు. పోతురెడ్డి ఒకసారి కణుజు జింక అనుకుని ఊరి ఆవు వెనకాల పొద్దుగూకేదాకా తిరిగాడు. చివరికి ఆ ఆవు పోతురెడ్డి వాళ్ళింటి దొడ్లోకే పోయి పడుకుంది.

ఇప్పుడు పోతురెడ్డి చెట్టెక్కి, దిగి, రొప్పుతూ మామ ముందు నిలబడ్డాడు.

"ఎలా ఉంది మావా?"

చిన్నంరెడ్డి అతని మోకాళ్ళకేసి చూశాడు.

"మండుతున్నాయా?" అని అడిగి, ఇంటిదారి పట్టాడు.

పోతురెడ్డికి ఏడుపొక్కటే తక్కువ. జాడ తీయడం వచ్చింది, గాలివాటం చూడడం వచ్చింది, మందు కూరడం వచ్చింది. ఎండ ఉన్నన్నాళ్ళూ "ఎక్కరా" అనే మామ, చినుకు పడితే చాలు "నువ్వు కిందుండు" అంటాడు. వానలో తుపాకితో చెట్టెక్కనివ్వడు. తోటివాళ్ళు ఊరుకుంటారా? "ఏరా, వానకి కరిగిపోడానికి బెల్లం ముక్కవా?" అని ఏడిపించేవాళ్ళు. తను బావ అంతటివాడు కాడని మామ అనుకుంటున్నాడని పోతురెడ్డి నమ్మకం. ఆ మాట అతన్ని లోపల కొరికేస్తూ ఉండేది.

బావ అంటే లచ్చిరెడ్డి. చిన్నంరెడ్డికి ఒక్కగానొక్క కొడుకు.

ఊరందరికీ ఉన్నది ఒకటే నాటు తుపాకి. చిన్నంరెడ్డి ఇంటి గోడకు కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. పండగనాడు దానికి పసుపు రాసి దణ్ణం పెట్టుకుంటారు. ఒకసారి కొక్కెం మీంచి దించాక, మళ్ళీ కొక్కెం చేరేదాకా అది నేల తాకకూడదు. తాకితే ఆ ఏడు అడవి వేటనివ్వదని పెద్దల మాట. అందుకని చెట్టెక్కేవాడు కూడా దాన్ని భుజాన వేసుకునే ఎక్కాలి. వానలో తడి భుజం మీంచి అది జారుతూ ఉంటుంది, ఒక చెయ్యి ఎప్పుడూ దానికే సరిపోతుంది. మిగిలిన ఒక్క చెయ్యే చెట్టుకు.

లచ్చిరెడ్డి ఒక వాన సాయంత్రం తెల్లమద్ది చెట్టు మీంచి జారాడు. రెండు చేతులా మానును పట్టుకుంటే నిలిచేవాడే. ఊరివాళ్ళు వెళ్ళి చూసేసరికి వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రాణం లేదు. తుపాకి గుండెల మీద ఉంది. దానికి మట్టి చుక్క కూడా అంటలేదు.

అప్పటినుంచీ కొండ పండగకు ఆడవాళ్ళు పాటలో అతని పేరు కలిపి పాడతారు. తను నేలకొరిగినా తుపాకికి మట్టంటనీయని లచ్చన్న అని. ఆ పాట వింటే పోతురెడ్డికి ఒళ్ళు గగుర్పొడిచేది. చిన్నంరెడ్డి తల వంచుకుని వింటాడు. అది గర్వమని ఊరు అనుకుంటుంది. ఆయన భార్య పండమ్మకు మాత్రం సరిగ్గా ఆ పాట దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చిన సంగతి గుర్తొస్తుంది. లేచి ఇంటికి పోతుంది. పొయ్యి మీద ఏమీ ఉండదని అందరికీ తెలుసు. ఎవరూ ఆపరు.

ఆ ఏడు కొర్ర చేలు కంకి మీదుండగా పందులు పడ్డాయి.

పోడంతా కుళ్ళగించి పోతున్నాయి. డప్పు కొట్టారు, మంటలు వేశారు, వానకు మంట నిలవలేదు. ఇంకో వారం ఇలాగే సాగితే కొర్రలు పోయినట్టే. ఇక ఏడాదంతా మామిడి టెంకల జావే గతి. ఊరిపెద్ద బుల్లంరెడ్డి వచ్చి చిన్నంరెడ్డి అరుగు మీద కూర్చున్నాడు.

"పెద్ద మగ పందిని ఒక్కదాన్ని కొడితే మంద ఇటు రాదు. నువ్వెక్కాలి."

"నా మోకాలు ఎక్కనివ్వదు" అన్నాడు చిన్నంరెడ్డి. మోకాలు నిమురుకుంటూ, "అల్లుడు ఎక్కుతాడు" అన్నాడు.

పోతురెడ్డి చెవులను తనే నమ్మలేదు. లోపల పండమ్మ ఏదో పని చేస్తూ ఆగిపోయిన చప్పుడైంది.

మధ్యాహ్నం దాటాక మగవాళ్ళు ముగ్గురూ బయల్దేరారు. సన్నగా జల్లు పడుతోంది. పోతురెడ్డి తుపాకిని రెండు చేతులా పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని నడిచాడు. చేను అంచుకు రాగానే తిన్నగా తెల్లమద్ది దగ్గరికి పోయాడు. బావ ఎక్కిన చెట్టు అది. అక్కణ్ణుంచి చేనంతా కనిపిస్తుంది.

చిన్నంరెడ్డి ఆ చెట్టు పక్కనుంచి, దానివంక చూడకుండా ముందుకు పోయాడు. ఇంకాస్త అవతల నల్లమద్ది ఉంది. దాని బెరడు మొసలి వీపులా పగిలి ఉంది. అరచేత్తో దాన్ని రుద్ది, ఆ చేతినే పోతురెడ్డికి చూపించాడు. మళ్ళీ తెల్లమద్దికేసి గడ్డం ఎత్తాడు. నీళ్ళు దాని మీంచి నున్నగా కారిపోతున్నాయి.

పోతురెడ్డి ఒప్పుకోలేక ఒప్పుకున్నాడు.

చిన్నంరెడ్డి భుజం మీంచి మోకు తీశాడు. జీలుగు కల్లు గీసేవాళ్ళు నడుముకూ మానుకూ కలిపి చుట్టుకునే తాడు అది. ముడి వేసి, తనే వెనక్కి వాలి, బరువంతా దాని మీద వేసి చూశాడు. తర్వాత విప్పి అల్లుడి నడుముకు కట్టాడు.

"ఇదెందుకు మావా? ఇది పైకి జరపాలంటే రెండు చేతులూ కావాలి కదా."

"కావాలి" అన్నాడు చిన్నంరెడ్డి.

పోతురెడ్డి తుపాకి భుజాన వేసుకుని, నేర్చుకున్నట్టే ఒంటిచేత్తో మొదలుపెట్టాడు. నిలువెత్తు ఎక్కాడో లేదో పాదం సర్రుమంది. మోకు కింద వదులుగా వేలాడుతోంది. మోచేత్తో మానుకు వేలాడుతూనే, రెండో చెయ్యి దానంతటదే తుపాకి మీదికి పోయింది.

"భేష్!" అన్నాడు బుల్లంరెడ్డి.

"దిగు" అన్నాడు చిన్నంరెడ్డి.

పోతురెడ్డి దిగాడు. మొహం కందిపోయింది.

"తుపాకి ఇలాగివ్వు."

రెండు చేతులతో ఇచ్చాడు. చిన్నంరెడ్డి అందులో మందు లేదని చూసుకున్నాడు. గొట్టం మూతికి అడ్డాకు చుట్టి నారతో కట్టాడు. ఆ తర్వాత వంగి, దాన్ని బురదలో పెట్టాడు.

పెట్టి, లేచి నిలబడ్డాడు.

చినుకులు తుపాకి మీద పడుతున్నాయి. పోతురెడ్డి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చిన్నంరెడ్డీ! మతిపోయిందా నీకు? దానికి మట్టంటకూడదని నీ కొడుకు ప్రాణమిచ్చాడయ్యా!"

"అవును" అన్నాడు చిన్నంరెడ్డి. "ఇచ్చాడు."

బుల్లంరెడ్డి తుపాకి ఎత్తబోయి, ఆయన మొహం చూసి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

చిన్నంరెడ్డి నడుముకు చుట్టుకున్న సన్నతాడు విప్పి, ఒక కొస తుపాకికి గొట్టం కిందికి ఉండేలా కట్టాడు. రెండో కొస అల్లుడి మొలకు దోపాడు.

"పైకెళ్ళి, ముందు నిన్ను నువ్వు కట్టుకో. తర్వాత దీన్ని లాక్కో. మందు అక్కడే కూరు. ఉరిమితే, పంది ఎదురుగా ఉన్నా సరే, దిగిపో."

ఆయన నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు పోతురెడ్డి ఎప్పుడూ వినలేదు.

ఈసారి చేతులు రెండూ ఖాళీ. కొత్తగా ఉంది. మోకు పైకి జరిపి, కాళ్ళు ఎత్తి, మళ్ళీ మోకు జరిపి, నెమ్మదిగా పోయాడు. కొమ్మల దగ్గరికి చేరబోతుండగా ఒకచోట బెరడు పెచ్చు కాలికింద ఊడిపోయింది. రెండు పాదాలూ గాలిలోకి వచ్చేశాయి.

రెండు చేతులూ మానుకు అతుక్కుపోయాయి. మోకు నడుముకు ఒక్కసారిగా బిగిసింది. నిలిచాడు.

కిందికి చూశాడు. బురదలో తుపాకి పుల్లంత కనిపిస్తోంది. దాని పక్కన మామ మొహం ఎత్తి నిలబడ్డాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాడు.

బావ కూడా ఇలాగే జారి ఉంటాడు. అప్పుడు అతనికి రెండో చెయ్యి లేదు. చిన్నప్పటినుంచీ పాటగా విన్న సంగతి పోతురెడ్డికి మొదటిసారి కళ్ళకు కట్టింది. మాను మీద నుదురు ఆనించి ఏడ్చాడు. వానలో అది ఎవరికీ తెలియలేదు.

తర్వాత పైకి పోయి, పంగలో కూర్చుని, తనను తాను మానుకు కట్టుకుని, తుపాకి లాక్కున్నాడు. వీపున తగిలించుకున్న ఆకుల గిడుగు తీసి, దాని కింద మందు కూరాడు. చీకటి పడకముందే వాన వెలిసింది. మంద చేలోకి దిగింది. పెద్ద మగ పంది అడ్డంగా తిరిగేదాకా ఆగి కాల్చాడు. అది నాలుగడుగులు పరిగెత్తి కొర్రల్లో పడిపోయింది. మిగతావి కొండ మీదికి పారిపోయాయి.

పోతురెడ్డి మొదట తుపాకినే దింపాడు. తాడుకు వేలాడుతూ అది కిందికి వస్తుంటే, బుల్లంరెడ్డి అందుకోవడానికి చేతులు చాచాడు. చేలో పడి ఉన్న పందికేసి ఒకసారి చూశాడు. చిన్నంరెడ్డికేసి చూశాడు. చేతులు దించుకున్నాడు. తుపాకి మెల్లగా నేలకు ఆనింది.

పందిని మోయడానికి మనుషుల్ని పిలుచుకొస్తానని బుల్లంరెడ్డి ముందు పోయాడు. మామా అల్లుళ్ళు వెనక నడిచారు. దారిలో వాగు వచ్చింది. పోతురెడ్డి తుపాకి కడగబోయి వంగాడు.

"ఉండనీ" అన్నాడు చిన్నంరెడ్డి.

వాగు దాటాక పోతురెడ్డి ఉండబట్టలేక అడిగాడు.

"తుపాకి కింద పెట్టొచ్చని ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు మావా?"

చిన్నంరెడ్డి తుపాకికంటిన మట్టివంక చూశాడు.

"చెబితే, మరి మన లచ్చన్న దేనికి పోయాడని మీ అత్త అడుగుతుంది" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పండమ్మ దీపం పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ముందు మేనల్లుణ్ణి తల నుంచి కాళ్ళదాకా చూసింది. తర్వాత అతని చేతిలోని తుపాకిని చూసింది. మడమ నుంచి గొట్టం దాకా ఎర్రమట్టి.

కొడుకు పోయినప్పటినుంచీ ఆమె దాన్ని ముట్టుకోలేదు. అదే గోడకు, కళ్ళెదురుగా ఉన్నా, దాని కింద ఊడ్చేదే గానీ దాన్ని ముట్టేది కాదు. ఇప్పుడు దీపం అరుగు మీద పెట్టి, చేతులు చాచింది. పోతురెడ్డి మామవంక చూశాడు. చిన్నంరెడ్డి తల వంచుకుని ఉన్నాడు. పోతురెడ్డి తుపాకి ఆమెకు ఇచ్చాడు.

ఆమె దాన్ని వాకిట్లో రాయి మీద పెట్టి, చెంబుతో నీళ్ళు పోసింది. చేత్తో రుద్దింది. ఇంకో చెంబు పోసింది. మట్టి కారి, ముంగిట్లోంచి పారిపోయింది. పైటచెంగుతో తుడిచి, దీపం దగ్గర తిప్పి చూసింది. ఎక్కడా మరక లేదు.

"ఇంతేనా?" అంది.

చిన్నంరెడ్డి తల ఎత్తాడు.

"ఇంతే" అన్నాడు.

పండమ్మ తుపాకిని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి లేచి, దాన్ని పోతురెడ్డి చేతుల్లో పెట్టింది.

"కొక్కేనికి తగిలించు" అంది. "ఇక మీదట వానొస్తే దీన్ని కింద పెట్టి ఎక్కు నాయనా. నేను కడుగుతాను."