మసి కింది ముఖం

తండ్రి తనకే పట్టం కట్టాడనడానికి రాజు చూపే సాక్ష్యం, ఆ పట్టాభిషేకాన్ని చిత్రించిన కొలువులోని గోడబొమ్మ ఒక్కటే. కాదనగలిగిన అన్న చెరలోనే పోయాడు. దీపాల మసికి అందులో తన ముఖం మాసిపోయిందని, రాజు ఆ బొమ్మను పనిమనిషి నాంచారి చేత నిండు సభలో తుడిపిస్తుంటే, ముఖం రంగు కాస్తా గుడ్డకు అంటింది.

“బొమ్మ పాడుచేసింది! దీని చెయ్యి నరకండి!” అని అరిచాడు రాజు.

“మసి రంగు మీద పడుతుంది ప్రభూ. ఇక్కడ రంగు కింద కూడా మసి ఉంది. అంటే తమరి ముఖం తర్వాత వేసిందే. ఆ మసి కింద ఎవరున్నారో తుడిచి చూపిస్తాను, ఆపైన నరికించండి” అంది నాంచారి.

తుడవమంటే అన్న ముఖం బయటపడుతుంది. నరికిస్తే దాచినట్టే. చివరికి రాజు బొమ్మకు తెర కట్టించాడు.

నాంచారికి చెయ్యి దక్కింది. అన్నకు మాత్రం ఆ మసే మిగిలింది.