బుట్ట అడుగున అమ్మ బొమ్మ

ఆ ఫోను అవతల పెట్టు నాన్నా. పొద్దుట్నుంచీ అందులో ఒకటే ధనాధన్! ఇలా నా పక్కకి జరుగు. ఊఁ కొడితేనే చెప్తాను, ఏం?

అనగనగా ఒక ఊళ్ళో మంగతాయి అని ఓ పిల్ల. దానికి ఎర్రబాబు అని ఓ తమ్ముడు. వాడెప్పుడూ అక్క పరికిణీ పట్టుకునే తిరిగేవాడు. వాడంటే దానికి ప్రాణం.

ఆ ఊరికి తవిటయ్య అని తోలుబొమ్మలాడించే తాత వచ్చాడు. వాళ్ళ ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. యుద్ధంలో ఏ బొమ్మ పడిపోయినా, ఆ తర్వాత అమ్మ బొమ్మ తెరమీదికి రావాలి. కొడుకుని ఒళ్ళో వేసుకుని ఏడవాలి. అప్పుడే ఆట అయినట్టు.

మొదటిరోజు అలాగే ఆడించాడు. యుద్ధానికి పిల్లలు ఈలలే ఈలలు! అమ్మ బొమ్మ రాగానే "ఏడుపొద్దు తాతా, యుద్ధం పెట్టు" అని గోల. అందరికంటే మంగతాయి గొంతే పెద్దది. రెండోరోజు తాత ఏడుపు సగానికి కోసేశాడు. మూడోరోజు అమ్మ బొమ్మని బుట్ట అడుగున పడేసి, ఆటంతా యుద్ధమే ఆడించాడు. చప్పట్లకి పొంగిపోయాడు, వెర్రి మనిషి!

ఆ తర్వాత ఏ పిల్ల చేతిలో చూసినా కర్రే. పడ్డ బొమ్మ మర్నాడు లేచి వచ్చేది కదా, మనుషులూ అంతే అనుకుంది మంగతాయి.

అప్పుడు ఒకరోజు పెరట్లో యుద్ధమాట ఆడుతూ, దుడ్డుకర్రతో తమ్ముడి నెత్తిన ఒక్కటి వేసింది. వాడు దబ్బున పడ్డాడు. అది కిలకిలా నవ్వి "లేరా, ఇప్పుడు నీ వంతు" అంది. వాడు లేవలేదు. "లే తమ్ముడూ" అంది. లేవలేదు. మూడోసారి "అమ్మా!" అని కేకేసింది.

వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చింది. వాణ్ణి ఒళ్ళో వేసుకుని "నా తండ్రీ, కళ్ళు తెరవరా" అని ఏడ్చింది. అచ్చం తెరమీద ఏడుపే! అది వద్దని తను ఎంత గోల చేసిందో మంగతాయికి గుర్తొచ్చింది.

నీళ్ళు చల్లారు, వైద్యుడొచ్చి కట్టు కట్టాడు. దేవుడి దయ, పొద్దువాలేసరికి వాడు కళ్ళు తెరిచి "అక్కేదీ?" అన్నాడు. చూశావా, కొట్టిన అక్కనే అడిగాడు పిచ్చి నాయన!

అప్పుడు మంగతాయి ఏడ్చుకుంటూ తాత దగ్గరికి పోయి అంతా చెప్పింది. "ఆ అమ్మని మళ్ళీ పిలువు తాతా" అంది. తవిటయ్య గబగబా బుట్ట కుమ్మరించి, అమ్మ బొమ్మని తీసి, పైపంచెతో దుమ్ము తుడిచాడు.

ఎర్రబాబు లేచి తిరిగాక మళ్ళీ తెర కట్టారు. అమ్మ బొమ్మ ఏడుస్తుంటే ఒక్కరూ ఈల వెయ్యలేదు. తలకి కట్టుతో అక్క ఒళ్ళో కూర్చున్న ఎర్రబాబు "నాకోసం నువ్వూ అలాగే ఏడ్చావా అక్కా?" అన్నాడు. అది వాణ్ణి గట్టిగా వాటేసుకుంది.

ఏంటి నాన్నా? ఫోన్లో యుద్ధమాటలో పడిపోయేవాళ్ళకీ అమ్మలుంటారా అంటావా? ఉంటారమ్మా. వాళ్ళని చూపించరంతే.

కథ వెళ్ళింది కంచికి,
కర్ర వెళ్ళింది పొయ్యికి,
నువ్వు రా నా ఒడికి.