ఆగి ఉన్న సర్వీసు

ఆగిపోయిన దేన్ని చూసినా సుధన్వకు ఒళ్లు మండేది. కాలేజీ రోజుల నినాదాలు ఆశ్రమానికి వచ్చాక కూడా అతని నాలుక మీంచి దిగలేదు. ఆగిపోవడమే మరణమని, కదలికే జీవితమని వంటశాలలో కూర్చుని ఉపన్యాసం ఇచ్చేవాడు. అయితే ముందు ఆ వంకాయల బుట్ట కాస్త ఇటు కదుపు నాయనా అనేవాళ్లు వంటవాళ్లు.

ఆశ్రమం నడిపే ఉచిత వైద్యశాలలో కంప్యూటర్ అతని చేతికింద ఉండేది. అందులో కంటికి కనపడకుండా వాటంతటవే పనిచేసే సర్వీసులు ఎన్నో. ఒకటి టోకెన్లు ఇస్తుంది, ఒకటి రక్తపరీక్షల ఫలితాలు భద్రపరుస్తుంది, ఒకటి రోగుల ఇళ్లకు మెసేజ్‌లు పంపుతుంది.

ఒకరోజు మరమ్మతు కోసం అన్నిటినీ ఆపాల్సి వచ్చింది.

"ఆపే ముందు ఏది నడుస్తోందో, ఏది ఆగి ఉందో చూసిపెట్టుకో నాయనా. తర్వాత మళ్లీ అలాగే ఉండాలి" అన్నారు ఆశ్రమ పెద్ద చిదంబర స్వామి.

సుధన్వ చూడలేదు. పేదల వైద్యశాలలో ఒక్క పనైనా ఆగి ఉండటమే అన్యాయం అనుకున్నాడు. మరమ్మతు కాగానే అన్నిటినీ నడిపించాడు. తెర మీద వరసంతా పచ్చగా వెలిగింది. విప్లవం తెచ్చినంత సంబరపడ్డాడు.

ఆ మాట స్వామికి చెప్పాలని మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. వసారాలో ఒకామె ఫోను పట్టుకుని కూర్చుని ఉంది. పేరు సైదమ్మ. ఆమె కూతురికి ఇక్కడే రక్తం ఎక్కించేవాళ్లు. ఆ పాప వానాకాలంలో పోయింది.

ఫోనులో మెసేజ్ ఉంది. రేపు పాపకు రక్తం ఎక్కించాలి, ఆలస్యం చేయకుండా తీసుకురండి అని.

ఎవరున్నారో, ఎవరు పోయారో మెసేజ్‌లు పంపే ఆ సర్వీసుకు తెలియదు. అందుకే పాప పోయిన రోజున, సుధన్వ ఆ కంప్యూటర్ చేపట్టకముందే, స్వామి దాన్ని ఆపించారు. అప్పటినుంచి నర్సులే ఇంటింటికీ ఫోను చేస్తున్నారు.

"నా చేతుల్తోనే మట్టిల పెట్టిన సామీ. తెల్వక కాదు. ఇది చూసేసరికి కాళ్లు ఆగలే" అంది సైదమ్మ.

సుధన్వ వ్యవస్థ గురించి ఏదో మొదలుపెట్టాడు. స్వామి వినిపించుకోలేదు. వెళ్లి అన్నిటినీ మొదట ఎలా ఉన్నాయో అలా పెట్టి రమ్మన్నారు.

మెసేజ్‌ల సర్వీసును ఆపాడు. మిగతావాటిలో ఇంకేవి ఆగి ఉండేవో? ఇంకెవరి ఇంటికి ఏం వెళ్తోందో? తెర మీద అన్నీ ఒకేలా పచ్చగా ఉన్నాయి. చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

తిరిగొచ్చి, మిగతావి ఎలా ఉండేవో చూసిపెట్టుకోలేదు స్వామీ అన్నాడు.

స్వామి అతణ్ని సైదమ్మకు ఎదురుగా నేల మీద కూర్చోమన్నారు. ఆమెకు మంచినీళ్లు ఇచ్చి అడిగారు.

"పాప ఎలా ఉండేదమ్మా?"

సైదమ్మ చెప్పింది. ఏ పక్కకు తిరిగి పడుకునేదో, సూది గుచ్చేటప్పుడు తన ఏ వేలు పట్టుకునేదో, పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైతే మూతి ఎలా పెట్టేదో. ఒక్కచోట కూడా తడుముకోలేదు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా.

ఆమె వెళ్లిపోయాక సుధన్వ తల ఎత్తలేదు.

"ఆమె దగ్గర అంతా భద్రంగా ఉంది నాయనా" అన్నారు స్వామి. "తిరిగి తెచ్చుకునే వీలే లేదు. నీకు వీలుంది, భద్రపరుచుకున్నదే లేదు."