గంగమ్మ నావలో జీతాల బటవాడా

మొగలితీరం ఏలే భైరవరాజుకు ఒకనాడు నౌకాదళంలో నావలు నడిపే కళాసుల పేర్లు, జీతాలు రాసిన పాత కొలువు పట్టీలు చదివించుకోవాలని బుద్ధి పుట్టింది. పుట్టింది పుట్టినట్టు ఊరుకుందా? అన్నీ చదివించుకుని విన్నాడు.

"పన్నెండేళ్లుగా నా కళాసుల్లో ఒక్కడూ చావలేదు! ఏటా కొత్తవాళ్లు చేరడమే గాని పోయినవాడు లేడు. కోటలో మాత్రం జ్వరాలతో రాలిపోతున్నారు. ఏమిటయ్యా కిటుకు?" అన్నాడు.

నౌకాదళానికి పెద్ద అయిన దళవాయి రుద్రప్ప మీసం దువ్వాడు. "అంతా నా పెంపకం ప్రభూ!"

రాజు మురిసిపోయి అతనికి ఒక ఊరు ఇనాముగా రాయమన్నాడు. రాజుకు నావ చూస్తేనే కడుపులో తిప్పుతుంది, రేవు ముఖం చూసి ఎరగడు పాపం. రాసే పని ఆస్థాన విదూషకుడు కొమ్మన మీద పడింది. అతను గంటం పట్టేసరికి వాకిట్లో గోల.

పోలమ్మ అనే పల్లెకారుల ఆడమనిషి భటులను తోసుకుని వచ్చింది.

"బాబూ, మా ఆయన ఎర్రన్న గంగమ్మ నావతోపాటు మునిగిపోయి ఆరేళ్లయింది. చచ్చినోడి పెళ్లానికిచ్చే బియ్యం అడిగితే దళవాయిగారు 'నీ మొగుడు బతికే ఉన్నాడు, పో' అంటన్నారు. పిల్లలు గంజికి ఏడుస్తన్నారు బాబూ!"

"పట్టీ అబద్ధమాడదు. పోయిన పున్నమికి కూడా ఎర్రన్న జీతం తీసుకున్నాడు," అన్నాడు రుద్రప్ప.

కొమ్మన తలాడించాడు. "నిజమే ప్రభూ. కళాసి తన నావ మీద నిలబడి, దళవాయి చేతుల మీదుగా జీతం అందుకోవాలి. నేల మీద ఇస్తే చెల్లదు. ఇది మన రేవు కట్టడి. కాబట్టి ఈయన పున్నమి పున్నమికీ గంగమ్మ నావ ఎక్కుతున్నారన్నమాట."

"ఎక్కకుండా ఎలా ఇస్తాను?"

"ఇవాళ పున్నమే. పదండి, చూసి తరిద్దాం."

సభంతా రేవుకు కదిలింది. "గంగమ్మ నావ ఎక్కడ?" అని అడిగితే పల్లెకారులందరూ ఒకే వైపు చెయ్యి చాపారు. అక్కడ నీళ్లలోంచి తెరచాప కొయ్య కొస మూరెడు పైకి ఉంది. దాని మీద ఒక కొంగ.

రాజు నోరు తెరిచాడు. కొమ్మన మాత్రం ఎంతో మర్యాదగా జీతాల మూట తెచ్చి రుద్రప్ప మెడకు కట్టాడు.

"దిగండి దళవాయిగారూ. పోయిన పున్నమికీ వెళ్లొచ్చారుగా, దారి మీకు తెలిసిందే."

రుద్రప్ప మూటతో సహా రాజు కాళ్ల మీద పడ్డాడు.

"ప్రభూ, నాకు ఈత రాదు!"

రేవు రేవంతా పగలబడి నవ్వింది. రాజు తన కంఠహారం తీసి కొమ్మన మెడలో వేశాడు. చచ్చినవాళ్ల జీతాలు మింగిన రుద్రప్పను చెరసాలకు పంపి, అతని గాదెల్లోని ధాన్యం మునిగినవాళ్ల ఇళ్లకు పంచమన్నాడు. పోలమ్మ ఏడుస్తూనే నవ్వి, మొదటి బియ్యం మూట నెత్తికెత్తుకుంది.