ఏడో అంకె తిరగలి

రాళ్లు చెక్కే ఆడమనిషి ఒకతె ఉండేది. తిరగళ్లకు పై రాళ్లు మాత్రమే చెక్కేది. కింది రాయీ, దాని నడుమ మేకూ ఏ ఊరికా ఊరి కొట్టువాడే ఇంటింటికీ ఇచ్చేవాడు. కింది రాయి మీద ఏడో అంకె ఉంటే దాని మీద ఏడో కొలత పై రాయి తిరగాలి. అన్ని ఊళ్లూ ఒప్పుకున్న కొలత అది.

కొండ దిగువ ఊళ్లో మాత్రం ఆమె రాయి తిరగలేదు. రెండుసార్లు తెచ్చింది. రెండుసార్లూ మేకు దగ్గర పట్టేసింది. మూడోసారీ పట్టేస్తే ఉలి లాగేసుకుంటామన్నారు పెద్దలు. ఉలి పోతే ఆమెకు చేతులున్నా లేనట్టే.

కింది రాయి మీద అంకె చూసింది. ఏడే. పక్క ఊరి ఏడు మీద ఇదే కొలత రాయి బొంగరంలా తిరుగుతోంది. మరి ఇక్కడేం పుట్టింది? నేరుగా కొట్టుకే వెళ్లింది.

"ఏమయ్యా, ఇది ఏడేనా?"

"ఏడే తల్లీ. కళ్లు కనబడవా?"

"నా కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి. నీ మేకే బలిసింది."

కొట్టువాడు నొచ్చుకున్నాడు. "ఇనప మేకు పిండిలో తుప్పు రాల్చేది. పిల్లలు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయారు. అందుకని కంచు మేకు వేశాను. వెంట్రుకవాసి లావు, అంతే."

"ఎనిమిది అని చెక్కి చావొచ్చుగా?"

"రాజు మారేదాకా అంకె మారకూడదమ్మా. ఇక్కడి కట్టుబాటు. మారిస్తే జనం హడలిపోరూ?"

"లోపల ఏం మార్చినా ఫరవాలేదు, పైన గీత కదలకూడదు. బాగుందయ్యా!"

"పిల్లల కోసమేగా మార్చింది?"

ఆమె కొట్టు దిగి ఇంటి దారి పట్టింది. పై రాయి బెజ్జం పెద్దది చేస్తే పక్క ఊళ్లో రాయి ఊగుతుంది. చెయ్యకపోతే ఇక్కడ పట్టేస్తుంది. తప్పెవరిదో ఎంతకీ తేలలేదు.

మూడోసారి బండి కట్టుకుని వచ్చింది. పై రాయితో పాటు తన పెరట్లోని పాత కింది రాయిని, మేకుతో సహా, దించింది.

"మీ రాయి మీ దగ్గరే ఉంచుకోండి. నా రాయికి నా రాయే తోడు."

జొన్నలు పోశారు. రాయి గిర్రున తిరిగింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. "ఉలి నీదేనమ్మా," అన్నారు పెద్దలు. కొట్టువాడి రాళ్లు కాళ్లు కడుక్కోవడానికి వాకిట్లో వేసుకుంటామని ఎవరో నవ్వారు.

కొట్టువాడు నవ్వలేదు. చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపి, ఆమె అరచేతిలో పెట్టాడు. తెల్లటి పిండిలో సన్నటి ఎర్రటి తుప్పు చార.

పక్కనే ఒక తల్లి, చంకలో పిల్లతో, జావకని పిండి చేటలోకి ఎత్తుకుంటోంది.

రాళ్లు చెక్కే ఆమె ఒక్క తోపుతో ఆ చేటను నేలపాలు చేసింది. తర్వాత ఉలి పట్టుకుని అలాగే నిలబడింది. ఒక పక్క తన రాయి, ఇంకో పక్క కొట్టువాడి రాయి. రెండింటి మీదా ఏడే.