చంపినవాడే పాడాలి

కుళ్ళాయప్ప కడుతున్న కొత్త తోలుబొమ్మలాట హత్య దగ్గర మొరాయించి నాలుగు రోజులైంది. అన్నను చంపినవాణ్ణి తమ్ముడు వెతికి పట్టుకొని నరుకుతాడు. అంతవరకూ మాటలు వాటంతటవే వచ్చేశాయి. ఆ తర్వాత ఒక్క ముక్క పుడితే ఒట్టు.

కారణం అతనికి తెలుసు. తెలిసే నిద్ర పట్టడం లేదు. కాలవ నీళ్ళ తగాదాలో అతని సొంత అన్నను చంపిన ఓబులేసు జైలు నుంచి వచ్చి వారమైంది. బొమ్మల పెట్టె అడుగున ఒక వేటకొడవలి ఉంది. ఆట కట్టడం ఒక వంక. మనిషి తనకు తానే ధైర్యం నూరిపోసుకుంటున్నాడు.

"ఏదీ, ఆడి సూపీ," అన్నాడు ఓ పొద్దున గురువు ఖండేరావు. తోలుబొమ్మలాటలో ఆ చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడు.

పెరట్లో ఎండకు అడ్డంగా తెర కట్టారు. ముసలాయన ముందు కూర్చున్నాడు. తెర వెనక కుళ్ళాయప్ప రెండు బొమ్మలనూ ఆడించాడు. తమ్ముడి బొమ్మ చెయ్యి లేచింది, పగవాడి బొమ్మ కూలింది.

"ఎందుకు సంపినాడు?" అడిగాడు ఖండేరావు.

"పగ తాతా. అన్న పోయినాక ఇంగేం కావల్ల? కతకు పగ సాలదా?"

"సంపేదాకా సాలుతాది. ఆ తర్వాత?"

"అంతే. మంగళం పాడేస్తా."

"మన మేళంలో అట్ల ల్యాదు గదరా."

నిజమే, లేదు. ఎవరి చేతిలోని బొమ్మ చంపిందో, వాళ్ళే చచ్చినవాడి తల్లి బొమ్మ పట్టుకొని ఏడుపు పాట పాడాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు. అది ఆ మేళం కట్టుబాటు. కుళ్ళాయప్ప కావాలనే వదిలేశాడు.

ఖండేరావు లేచి వచ్చి పెట్టె మూత తీశాడు. ముసలి చెయ్యి బొమ్మల కిందికి, ఇంకా కిందికి పోయింది. ఇనుము దగ్గర ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆయన ఒక ముసలమ్మ బొమ్మను పైకి తీసి, దుమ్ము ఊది, శిష్యుడి చేతికిచ్చాడు.

"ఓబులేసు వాళ్ళమ్మ ఇది. పాడు."

ఆటలో ఆ పేరే లేదు. కుళ్ళాయప్ప బొమ్మను తెరకు ఆనించాడు.

మేళంలో అందరికీ కంఠతా వచ్చిన ఏడుపు పాటే ఎత్తుకున్నాడు. ఖండేరావు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి వచ్చిన మాటలు ఏ ఆటలోవీ కావు.

"సద్ది తాగి పోరా అంటే వచ్చి తాగుతానంటివే నాయనా... ఉట్టి మీద సద్ది అట్నే ఉండాదే నాయనా..."

అన్న శవం మీద పడి అమ్మ ఏడ్చిన మాటలవి.

"అది మీయమ్మ ఏడుపు గదరా. నేనడిగింది వాళ్ళమ్మది."

"ఇదే వస్తాండాది తాతా," అన్నాడు కుళ్ళాయప్ప. "వేరేది రాలే."

ముసలాయన తెర ముడి విప్పుతూ అన్నాడు.

"వేరేది ల్యాదు నాయనా."