కొండకు ఉయ్యాల కట్టిన తిప్పమ్మ

అనగా అనగా, కొండలకింకా పేర్లు కుదురుకోని కాలం. కొండని కొండ అనేవాళ్ళు, వాగుని వాగు అనేవాళ్ళు, దాంతోనే పని జరిగిపోయేది. ఆ కాలంలో కొండ దాటే ఒక కనుమ దారి కింద చిన్న పల్లె, ఆ పల్లెలో తిప్పమ్మ అనే ముసలామె. ఏ రాజు కాలం, ఏ సంవత్సరం అని నన్నడగొద్దు. నాకు చెప్పినవాళ్ళని నేనూ అడగలేదు.

తిప్పమ్మ మొగుడు ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు, సుంకన్న. రాజుగారి దండులో కొమ్ము ఊదేవాడు. కత్తి లేదు, డాలు లేదు, గుర్రం సంగతి సరేసరి. వంకర కొమ్మొకటి భుజాన తగిలించుకుని దండు ముందర నడిచేవాడు. లేవడానికొక కూత, నడవడానికొక కూత, తిండికొక కూత. ఆ మూడో కూత ఊదినప్పుడు మాత్రం దండంతా వాణ్ణి ప్రేమగా చూసేది.

పెళ్ళి చేసుకోరా అంటే, ఈ ఏడు కాదులేమ్మా అనేవాడు. పై ఏడు అడిగినా అదే మాట. ఇంతలో పగవాళ్ళు వచ్చిపడ్డారు.

ఆ రోజు రాజుగారి దండు వాగు దాటుతోంది. వాగు నిండుగా పారుతోంది. సగం మంది ఇవతల, సగం మంది నడినీళ్ళలో. సుంకన్నని కనుమ కాడ కాపలా పెట్టారు. పగవాళ్ళు కనబడితే ఒక్క కూత ఊది పరిగెత్తుకుని రమ్మన్నారు. వాడికిచ్చిన పని అంతే.

పగవాళ్ళు కనబడ్డారు. సుంకన్న ఊదాడు. పరుగెత్తబోతూ వెనక్కి తిరిగి చూస్తే, దండు ఇంకా నీళ్ళలోనే ఉంది. ఇప్పుడు వీళ్ళు కనుమ దిగితే అందరూ వాగులోనే పోతారు. మరి ఏమనుకున్నాడో ఏమో, పరుగెత్తలేదు. కొండ నెత్తిన నిలబడి ఊదాడు. రొప్పుకుంటూ దిగి కొండ నడుమున నిలబడి ఊదాడు. ఇంకా దిగి కొండ పాదాన నిలబడి ఊదాడు. మళ్ళీ పైకెక్కాడు, మళ్ళీ దిగాడు. పగవాళ్ళు ఆగిపోయారు. అమ్మో, ఇక్కడ మూడు దండ్లున్నాయిరా అనుకున్నారు. పొద్దు వాలిందాకా అడుగు ముందుకి వేయలేదు. ఆలోగా రాజుగారి దండు ఒడ్డుకి చేరింది, బారులు తీరింది, పోరాడింది, గెలిచింది.

సుంకన్నకి కొండ పాదాన బాణం తగిలింది. ఎదురు గుట్ట మీద మేకలు కాస్తున్న గంగవ్వ ఇదంతా కళ్ళారా చూసింది, వచ్చి తిప్పమ్మకి చెప్పింది. ఆమె చూడకపోతే ఈ కథే లేదు.

తిప్పమ్మ కొడుకుని మట్టి చేసుకుంది. ఏడ్చింది. ఎంత ఏడ్చిందో చెప్పడానికి నా దగ్గర కొలత లేదు.

కొన్నాళ్ళకి దండోరా వచ్చింది. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు కలకాలం నిలవాలని రాజుగారు తలిచారట. మంచి తలంపే, కాదనను. కొండకి, దండు నడిపిన దళవాయి కోనప్ప పేరు పెట్టారు. వాగుకి గుర్రాల సర్దారు భూమానాయుడి పేరు పెట్టారు. వాళ్ళూ ఆ రోజు పోరులో పోయినవాళ్ళే, వాళ్ళని నేను తక్కువ చేయడం లేదు. కొండ పాదాన ఒక బండమీద దళవాయి పేరు చెక్కించి, సున్నం కూడా కొట్టించారు.

ఇప్పుడు ఆ పల్లెవాళ్ళ ఆనవాయితీ ఒకటి మీకు చెప్పాలి. పోయినవాళ్ళ పేరు మనవడికి పెట్టుకుంటారు. ఆ పేరుతో రోజూ పిలుస్తుంటే పోయిన మనిషి ఇంట్లో తిరుగుతున్నట్టే వాళ్ళకి. సుంకన్నకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. తిప్పమ్మ కళ్ళు మూసిందంటే సుంకన్నా అని పిలిచే నోరు ఈ లోకంలో ఉండదు. ముసలామె దిగులంతా అదే. కొడుకు పోవడం ఒక ఎత్తు, పేరు పోవడం ఇంకొక ఎత్తు అయింది ఆమెకి.

కర్ర పట్టుకుని కోటకి పోయింది. మంత్రిగారి ముందు నిలబడింది.

"కొండ దళవాయిగారికి ఇచ్చినారంట. మరి నా సుంకడికి సామీ?"

"కొండ ఒక్కటే కదవ్వా."

"వాగు సర్దారుగారికి ఇచ్చినారంట. మరి నా సుంకడికి?"

"వాగూ ఒక్కటే కదా."

"వాగు పక్కన తెల్లబండ ఉండాది. అదన్నా నా సుంకడికి?"

మంత్రి గడ్డం గోక్కున్నాడు. "అది దళవాయిగారి గుర్రానికి ఇచ్చేసినాం."

"గుర్రానికా!"

"అదీ యుద్ధంలో చచ్చిందే కదవ్వా. నీ కొడుకు చేతిలో కత్తన్నా లేదాయె."

తిప్పమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. కర్ర టకటకలాడించుకుంటూ ఇంటిదారి పట్టింది. 

తెల్లారి ఇల్లిల్లూ తిరిగి పిలుపు చెప్పింది. "రేపు మా మనవడికి పేరు పెడతాండా, అందరూ రాండి."

"మనవడేందే తిప్పక్కా?" అంది గంగవ్వ.

"వస్తే నీకే తెలుస్తాది."

పాపం, ముసలామెకి మతి చెడిందనుకున్నారు. అయినా పిలుపు పిలుపే కాబట్టి అందరూ వచ్చారు. తిప్పమ్మ తన పాత చీరతో కొండ పాదాన, రెండు చెట్ల నడుమ, ఉయ్యాల కట్టింది. కొండంతా ఉయ్యాలలో పట్టదు కదా, అందుకని కొండ నుంచి రాలిన గుండ్రాయి ఒకటి తెచ్చి నీళ్ళు పోసింది, కొంగుతో తుడిచింది, బుగ్గన దిష్టిచుక్క పెట్టింది, ఉయ్యాలలో పడుకోబెట్టింది. ఆడవాళ్ళు మొదట నోటికి కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. తిప్పమ్మ ఉయ్యాల ఊపుతూ జోలపాట ఎత్తుకుంది. అప్పుడిక ఎవరూ నవ్వలేదు. గంగవ్వ ముందుకొచ్చి ఉయ్యాల రెండో పక్క పట్టుకుంది.

ఆ కొండకి పాదం దగ్గర, చెవి ఆకారాన, లోతైన బొక్క ఒకటి ఉంది. తిప్పమ్మ వంగి ఆ చెవిలో చెప్పింది. "సుంకన్న. సుంకన్న. సుంకన్న." బిడ్డ చెవిలో మూడుసార్లు చెబితే పేరు పెట్టినట్టే. తర్వాత అందరికీ గుగ్గిళ్ళు పంచింది.

ఆ గుగ్గిళ్ళలోనే ఉంది అసలు సంగతి. పేరుపెట్టిన నాటి గుగ్గిళ్ళు తిన్నవాళ్ళు ఆ బిడ్డని ఇంకో పేరుతో పిలవకూడదు. పిలిస్తే బిడ్డకి కీడు. ఆ సీమలో ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. పల్లెవాళ్ళంతా తినేశారు. ఇక కొండ సుంకన్న కొండ కాక ఏమవుతుంది?

తిప్పమ్మ అంతటితో ఊరుకోలేదు. రోజూ అలసందలు ఉడకేసి, తట్ట నెత్తిన పెట్టుకుని, కనుమ దారిలో కూర్చునేది. ఉప్పు బేరగాళ్ళు వస్తే పెట్టింది. గొర్రెలవాళ్ళు వస్తే పెట్టింది. రాజుగారి భటులు వస్తే వాళ్ళకి రెండు గుప్పిళ్ళు ఎక్కువే పెట్టింది.

ఒకనాడు రాజుగారే వచ్చారు, తాను పేరు పెట్టిన కొండని చూసుకుందామని. మిట్టమధ్యాహ్నం ఎండ. వంటవాళ్ళు ఎక్కడో వెనకబడ్డారు. ఆకలికి రాజని పేదని తేడా ఏముంది, కడుపులో కరకరలాడుతోంది. తిప్పమ్మ ఆకుదొప్పలో గుగ్గిళ్ళు పోసి చేతికిచ్చింది. రాజు తిన్నాడు, మళ్ళీ అడిగాడు, మళ్ళీ తిన్నాడు.

"ఏం పండగవ్వా?"

"మా మనవడికి పేరు పెట్టుకున్నా సామీ. తిన్నావు కదా, ఇంక వాణ్ణి ఆ పేరుతోనే పిలవాల."

"పిలవకుండా ఎట్లుంటాం? తిన్నాక తప్పుతుందా? ఎక్కడ నీ మనవడు, పిలువు."

తిప్పమ్మ కర్రెత్తి కొండని చూపించింది. "వాడే. పేరు సుంకన్న."

రాజు వెంట వచ్చిన మంత్రి ఎగిరిపడ్డాడు. "ఒసే ముసలిదానా! అది దళవాయిగారి కొండ!"

తిప్పమ్మ రాజు మొహంలోకే చూసింది. "దళవాయిగారికి ఇంటినిండా మనవళ్ళు ఉండారంట సామీ. అందరికీ ఆయన పేరే పెట్టుకున్నారంట. చల్లగా ఉండనీ. నా సుంకడికి ఈ కొండ తప్ప ఎవరూ లేరు."

"సుంకడెవరు?" అన్నాడు రాజు.

"ఆ పొద్దు కొమ్మూదినోడు."

రాజు చేతిలో దొప్ప కింద పెట్టాడు. వాగు వైపు చూస్తూ అన్నాడు. "మేం వాగులో ఉన్నాం. పైన ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి కొమ్ము వినబడింది. మనకి సాయం వచ్చిందనుకున్నాం. ఒడ్డుకి చేరినాక, వచ్చిందెవరని ఒక్కరం కూడా అడగలేదు."

"ఎవరూ రాలేదు సామీ. వాడొక్కడే."

రాజు సిగ్గుపడ్డాడు. తలపాగా తీసి పక్కన పెట్టాడు. కొండ చెవి దగ్గర వంగి, పసిబిడ్డకి చెప్పినట్టు నెమ్మదిగా మూడుసార్లు పేరు చెప్పాడు. లోపల నుంచి 'ఊ' అని వినబడింది. గాలి అంటారు కొందరు. కావచ్చు, నేను లేను అక్కడ. తిప్పమ్మ మాత్రం కొండకి ఆనుకుని, చెంప రాయికి పెట్టి, తనివితీరా ఏడ్చింది.

తిప్పమ్మ పోయి ఎన్ని తరాలైందో లెక్క లేదు. దళవాయి పేరు చెక్కిన బండ ఇంకా ఉంది, కొడవళ్ళు నూరుకోవడానికి బాగుంటుందంటారు. కనుమ దాటేవాళ్ళు మాత్రం కొండ చెవిలో "సుంకన్నా, పోయొస్తాం" అని చెప్పందే అడుగు ముందుకి వేయరు. గాలి 'ఊ' అంటే, తిప్పమ్మ మనవడు పలికాడు, ఇక భయం లేదంటారు.

ఇంకొకటి కూడా ఉంది. దండుకి పోయి, పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్కడే పోయిన కొడుకుల తల్లులు, ఎంత దూరాన్నుంచైనా సరే, చీర ఒకటి, అలసందలు మూటకట్టుకుని అక్కడికే వస్తారు. చిన్నదో పెద్దదో ఒక గుట్టని చూసుకుని ఉయ్యాల కడతారు. ఆ చుట్టుపక్కల ఇప్పుడు పేరు లేని గుట్ట ఒక్కటీ లేదు. మీరెప్పుడైనా అటు పోయి, ఈ గుట్ట పేరేమిటని అడిగి చూడండి. వెంటనే చెప్పరు. ముందు గుగ్గిళ్ళకి దోసిలి పట్టమంటారు.